కంటిన్యుటీ ఉన్నవాళ్ళకు పథ్యం చెప్పడం

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో డైటీషియన్ అంటే ఆసుపత్రి వంటవాళ్ళ మీద పెత్తనం చేసే ఆవిడ అనుకునేవాళ్ళు. మా నాన్నగారు ఉన్నంతకాలం తెనాలిలో తన స్నేహితులకు "మా అమ్మాయి హైదరాబాదులో పెద్దాసుపత్రిలో భోజనాలు చూస్తుంది" అనే చెప్పుకున్నారు. అప్పుడు నాకు ఉక్రోషం వచ్చేది. రిటైరయ్యాక తీరిగ్గా ఆలోచిస్తే ఆయన అన్నదే సరిగ్గా ఉందనిపిస్తోంది. జూబ్లీహిల్స్‌లో ఒక గుండె జబ్బుల ఆసుపత్రిలో నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ నేను చూసింది భోజనాలే.

ఈమధ్య ఆ ఆసుపత్రిలో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు యూసుఫ్‌గూడలో మా ఇంటికి వచ్చారు. చేతుల్లో ట్యాబులు, నోటి నిండా ప్రోటీన్లు, క్యాలరీలు. "మేడమ్, ఈ సినిమావాళ్ళు అస్సలు మాట వినరేంటండీ? మీరెలా వేగారు?" అని అడిగారు. కాఫీలిచ్చి, కాసేపు నవ్వి పంపించేశాను. వాళ్ళు వెళ్ళాక అలా పంపేయడం బాగోలేదనిపించి ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, మీటింగులు, ఫైళ్ళ సంగతి మీకక్కర్లేదు. అవి ఎలాగూ మీ నెత్తిన పడతాయి. ఒక కుటుంబం గురించి చెబుతాను. వంశంలో గుండె జబ్బున్న ఇంటివాళ్ళతో ఎలా మాట్లాడాలో నేను చాలావరకు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

ముందు వాళ్ళు తినే చోటు తెలుసుకోండి

సినిమావాళ్ళు ఇంట్లో తినేది తక్కువ. తెల్లారీ తెల్లారకముందే బయటపడతారు. టిఫిన్ ప్రొడక్షన్‌ది, మధ్యాహ్నం భోజనం ప్రొడక్షన్‌ది, సాయంత్రం బజ్జీలో పునుగులో అవీ ప్రొడక్షన్‌వే. షూటింగుల్లో వండేవాళ్ళు ఎక్కువమంది మన గోదావరి, కృష్ణా వైపువాళ్ళు. వడ్డించేటప్పుడు వాళ్ళ చేతికి ఎముక ఉండదు. ఇది చాలదని పెద్ద హీరోల ఇళ్ళ నుంచి కారియర్లు వస్తాయి. హీరోగారు స్వయంగా గరిటె పట్టుకుని తోటి నటుల ప్లేట్లలో నాటుకోడి వడ్డిస్తారు. అది అక్కడి ఆనవాయితీ, అచ్చంగా ప్రేమ. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటారు.

తొలి రోజుల్లో నా దగ్గరికి ఒక నిర్మాత గారు వచ్చేవారు. బైపాస్ అయిన మనిషి. ఇంట్లో ఆయన భార్య పుల్కాలు, ఆనపకాయ కూర, పల్చటి మజ్జిగ తప్ప ఏమీ పెట్టేది కాదు. అయినా కొలెస్ట్రాల్ కిందికి దిగలేదు. తన వంటలోనే ఏదో లోపముందని ఆవిడ నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి తేలిందేమిటంటే, ఆయనకు రోజూ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో స్టోరీ సిట్టింగ్ ఉంటుంది. కథ చెప్పేవాడు చెబుతుంటే వినేవాడి చేతిలో మిరపకాయ బజ్జీ ఉండాలి. లేకపోతే కథ ఎక్కదట. "అది తిండి కాదమ్మా, డిస్కషను" అన్నారాయన, పూర్తి నిజాయితీతో.

అప్పటి నుంచి "ఏం తిన్నారు" అని అడగడం మానేశాను. "నిన్న పొద్దుట్నుంచి ఎక్కడెక్కడున్నారు" అని అడిగేదాన్ని. ఎక్కడున్నారో చెబుతూ పోతే తిన్నది దానంతటదే బయటికొస్తుంది. మీరూ అలాగే అడగండి.

కంటిన్యుటీ

సూరిబాబు గారు కామెడీ నటుడు. ఇది ఆయన అసలు పేరు కాదు, మార్చాను. గుండ్రటి బొజ్జ, దాని మీద బొత్తాలు ఊడిపోయేటట్టు పట్టిన పూల చొక్కా, చూడగానే నవ్వొచ్చే మనిషి. తణుకు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, కృష్ణానగర్ ఇరుకు గదుల్లో ఏళ్ళూ పూళ్ళూ గడిపి, నలభై దగ్గర పడ్డాక నిలదొక్కుకున్నారు. నిలదొక్కుకున్నాక పెళ్ళి చేసుకుందామనుకున్నారట, అప్పటికి ఆ ఊసెత్తేవాళ్ళు లేకపోయారు. భర్త పోయిన అక్క నాగమణి గారు వచ్చి ఆయన ఇల్లు నడుపుతుండేవారు.

అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే మా ఆసుపత్రికి వచ్చారు. అప్పటికి వాళ్ళ అన్నయ్య పోయి కొద్ది నెలలే అయింది. గుండెపోటు, యాభై నిండకుండానే. అంతకుముందు నాన్న, ఆయనకంటే ముందు పెదనాన్న, అందరూ ఇంచుమించు అదే వయసులో, అదే జబ్బుతో పోయారు.

"మా ఇంట్లో మగాళ్ళకి యాభయ్యో పుట్టినరోజు ఉండదండీ" అన్నారు సూరిబాబు గారు నవ్వుతూ. వృత్తి అలవాటు. ఏం చెప్పినా చివర ఒక నవ్వు తగిలించేవారు. "నాకింకా నాలుగేళ్ళు టైముందండి."

నాగమణి గారు నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "మేడమ్, మాకు వీడొక్కడే మిగిలాడండీ. వీణ్ణి యాభై దాటించండి. నాకింకేం వద్దు" అన్నారు.

రిపోర్టులు చూస్తే గుండె ఇంకా చెడలేదు గానీ, చెడడానికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. బీపీ ఎక్కువ, కొలెస్ట్రాల్ ఎక్కువ, షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. వీటికి తోడు సిగరెట్లు. నేను అందరికీ చెప్పినట్టే ముందు బరువు తగ్గాలన్నాను. ఆయన చేతులు జోడించి "కంటిన్యుటీ ఉంది మేడమ్" అన్నారు.

ఈ మాట మీరు వారానికోసారైనా వింటారు కాబట్టి అర్థం చెబుతాను. సినిమా వరసగా తియ్యరు. అందుకని మనిషి మొదటిరోజు ఎలా ఉన్నాడో చివరిరోజు వరకూ అలాగే ఉండాలి. గడ్డం, జుట్టు, ఒళ్ళు, ఏదీ మారకూడదు.

"చూడండి మేడమ్," సూరిబాబు గారు ఓపిగ్గా చెప్పారు. "నేను గేటు తీసుకుని లోపలికొచ్చే షాటు మొన్న తీశారు. లోపల సోఫాలో కూర్చునే షాటు దసరా తర్వాత తీస్తారు. గేటు దగ్గర లావుగా ఉన్నవాడు సోఫా దాకా వచ్చేసరికి సన్నబడిపోతే జనం నవ్వుతారండీ. కానీ మేం నవ్వించాలనుకున్న చోట కాదు."

"అయితే ఆ సినిమా అయ్యాక తగ్గండి."

"అప్పటికి ఇంకో రెండు మధ్యలో ఉంటాయండీ. అన్నీ ఒకేసారి ఎప్పుడూ అవ్వవు. అయినా సన్నబడ్డాక నన్ను పిలిచేదెవరు? బొజ్జని చూసే కదండీ వేషమిచ్చేది."

నాకు ఒళ్ళు మండింది. ప్రాణం మీదికి వస్తుంటే వేషాల గొడవేంటి అనుకున్నాను. విసవిసా మా పెద్ద డాక్టరు గారి గదికి వెళ్ళి చెప్పాను. ఆయనది నల్గొండ. నోరు మంచిది కాదు. నర్సుల మీద అరిచేవారు, పొద్దున నమస్కారం పెడితే తలెత్తి చూసేవారు కాదు. అలాంటి బాస్ దగ్గర పనిచెయ్యడం ఎవరికీ సుఖం కాదు, దాన్ని నేను గొప్పగా చెప్పను. కానీ జబ్బు సంగతి వచ్చేసరికి ఆయన చూపు వేరు.

"ఏందమ్మా, నువ్వు గా బరువు కాడనే ఆగినవ్," అన్నారు. "ఆయన అన్న గూడ లావుగుండెనా?"

"లేదు సార్, బక్కపల్చటి మనిషట."

"మరి గాయన ఎట్ల పోయిండు? బీపీ కెమెరాల పడ్తదా? సిగరెట్ తాగిన ఛాతీ కెమెరాల పడ్తదా? తిన్న ఉప్పు పడ్తదా? పడనియి ముందుగాల పట్టుకో. బరువు సంగతి తర్వాత జూద్దాం."

వెనక్కి వచ్చి సూరిబాబు గారితో అదే మాట అన్నాను. మీ బొజ్జ జోలికి నేను రాను, కెమెరాకు కనిపించనివి మాత్రం నాకు వదిలెయ్యండి అన్నాను. ఆయన మొహం విప్పారింది. అంతవరకూ ఆయనకు పథ్యమంటే ఉద్యోగం పోవడం. ఆ భయం వదిలాక ఏం చెప్పినా విన్నారు.

కెమెరాకు కనిపించనివి

సిగరెట్లతో మొదలుపెట్టాం. ఎప్పుడెప్పుడు తాగుతారో ఆరా తీస్తే, పని లేనప్పుడే అని తేలింది. నటులకు నటించే సమయం కొంచెం, ఎదురుచూసే సమయం బోలెడు. లైటింగ్ అవ్వాలి, హీరోగారు రావాలి, మబ్బు పోవాలి. ఆ ఖాళీలో చెయ్యి ఊరుకోదు. ఎండలో నడుద్దామంటే మేకప్ కారిపోతుంది. అందుకని ఆయన సెట్టు వెనక నడవడం మొదలుపెట్టారు. ముందు నుంచి రాజభవనంలా ఉండే సెట్టు వెనక్కి వెళితే ఉత్త ప్లైవుడ్డు, కర్రలు, మేకులు. ఆ చీకట్లో చూసుకుంటూ గోడ పొడవునా తిరిగేవారు. డైలాగు రాక కంగారుపడుతున్నారని అసిస్టెంట్ డైరెక్టర్లు మొదట్లో కాగితం పట్టుకుని వెంటపడేవారట. సిగరెట్ రెండుసార్లు మానేసి మళ్ళీ మొదలుపెట్టారు. మూడోసారి నిలిచింది. మళ్ళీ మొదలుపెట్టినవాణ్ణి తిట్టకండి. తిడితే తాగడం మానరు, మీకు చెప్పడం మానేస్తారు.

బీపీ మాత్ర వేసుకుంటున్నానని నాతో గట్టిగా చెప్పేవారు, బీపీ మాత్రం దిగేది కాదు. ఒకరోజు గుచ్చి గుచ్చి అడిగితే సిగ్గుపడుతూ చెప్పారు. ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పరిగెత్తాలి. పౌరాణికం వేషంలో నడుముకి వడ్డాణం, ధోవతి, పైన పట్టు వస్త్రాలు ఉంటాయి. ఒకసారి విప్పి కట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. అందుకని షూటింగ్ ఉన్న రోజుల్లో మాత్ర మానేసేవారు. డాక్టరు గారు ఒక్క నిమిషంలో వేరే మాత్ర రాసిచ్చారు. మొండితనమనుకున్నది తీరా చూస్తే ధోవతి సమస్య.

తిండి విషయంలో అన్నం మానమని ఎప్పుడూ చెప్పకండి. మానరు, మానినట్టు చెబుతారు. ఇన్నాళ్ళూ అన్నంలో కూర కలుపుకున్నారు, ఇక నుంచి కూరలో అన్నం కలుపుకోండి అన్నాను. నాగమణి గారు ఆ మాట పట్టుకుని అల్లుకుపోయారు. ఉప్పు తగ్గించి ఆ లోటు నిమ్మరసంతో, మిరియాలతో, వెల్లుల్లి వేసిన పొడులతో పూడ్చారు. వేపుళ్ళు పోయి ఆవిరి కుడుములు వచ్చాయి. కాగిన నూనె మళ్ళీ వాడడం పోయింది. ఆవకాయ వారానికోసారి, అదీ వేలితో నాకేంత.

ఇక హీరోల కారియర్లు. హీరోగారు నాటుకోడి గరిటెతో వస్తుంటే ప్లేటు అడ్డం పెట్టడం సూరిబాబు గారి వల్ల కాలేదు. దానికి మార్గం కూడా నాగమణి గారే కనిపెట్టారు. తమ్ముడి కారియర్ ఐదుగురికి సరిపోయేలా పంపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆయనే గరిటె పట్టుకుని అందరికీ వడ్డిస్తూ తిరుగుతారు. పెట్టేవాణ్ణి "నువ్వెంత తిన్నావు" అని ఎవరూ అడగరు. కొన్నాళ్ళకు హీరోగారే "సూరీ, మీ అక్క తోటకూర పప్పు తెచ్చావా" అని అడిగేవారట.

రెండేళ్ళు గడిచేసరికి బీపీ దారికొచ్చింది, కొలెస్ట్రాల్ దిగింది. బొజ్జ ఉన్నచోటే ఉంది, వేషాలూ ఉన్నాయి. రిపోర్టు వచ్చిన ప్రతిసారీ నాగమణి గారు ఫోన్ చేసేవారు. "గట్టెక్కుతాడాండీ?" అనేవారు. "మీరు ఇలాగే వండితే ఎక్కుతారండీ" అనేదాన్ని. ఆ ఇద్దరన్నా, వాళ్ళ మాటలన్నా నాకు చాలా ఇష్టంగా ఉండేది.

వంటింట్లో

వీలైతే పేషెంటు వంటిల్లు చూడండి. ఓపీ గదిలో అందరూ మంచివాళ్ళే. నిజం గూట్లో, డబ్బాల్లో ఉంటుంది.

సూరిబాబు గారు అప్పటికి ఫిలింనగర్లో ఎత్తు మీదున్న ఒక ఇంట్లోకి కిరాయికి మారారు. ఒక ఆదివారం భోజనానికి రమ్మని నాగమణి గారు పిలిస్తే వెళ్ళాను. గేటు తియ్యడానికి ఆవిడే కిందికి వచ్చారు. ఇద్దరం మెట్లెక్కుతుంటే మొదటి మలుపులో ఆగి, కుండీలో మందారం చూపించారు. "తణుకు నుంచి తెచ్చానండీ, ఈ రాళ్ళల్లో కూడా బతికింది" అన్నారు. బాగుందన్నాను. రెండో మలుపులోనూ ఆగారు. అక్కడ చూపించడానికి ఏమీ లేదు. రైలింగ్ పట్టుకుని ఊరికే నిలబడ్డారు. పెదవుల చుట్టూ చెమట పట్టింది. ఎండాకాలం కూడా కాదు.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ, గ్యాసు. ఈమధ్య బరువులు మోసినట్టు నీరసం. పోతుంది."

లోపల వంటింట్లో తమ్ముడి గిన్నెలు ఒక గట్టు మీద, తళతళలాడుతూ. తమ్ముడి నూనె, తమ్ముడి బియ్యం, తమ్ముడి పొడులు. ఆ పక్క గూట్లో ఆవకాయ జాడీలు, ఊరమిరపకాయలు, అప్పడాల కట్టలు, ఒకసారి వేయించాక వడగట్టి దాచిన నూనె. ఊరి నుంచి చుట్టాలు పంపడం ఆపరు కదా.

"ఇవన్నీ ఎవరికండీ?" అన్నాను.

"వాడు మానేశాడని పారేస్తామాండీ? నేను తినేస్తున్నాను," అన్నారు మామూలుగా. "వాడి వంట అయ్యేసరికి నాకు విడిగా వండుకునే ఓపిక ఉండదు. ఇంత అన్నంలో ఊరగాయేసుకుంటే అయిపోతుంది."

"మరి మీ సంగతి? మీరెప్పుడైనా బీపీ చూపించుకున్నారా?"

"నాకేమవుతుందండీ?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "మా ఇంట్లో ఆ జబ్బు మగాళ్ళకే."

అత్తయ్యల సంగతి

గట్టు మీద కూర్చోబెట్టి అడిగాను. మీ నాన్నగారికి అక్కచెల్లెళ్ళున్నారా అని.

"ఇద్దరండీ. పెద్దత్తయ్య ఆయాసంతో పోయింది. చిన్నత్తయ్య పుణ్యాత్మురాలు. దవడ లాగుతోంది, నీరసంగా ఉందని పడుకుంది, నిద్రలోనే వెళ్ళిపోయింది."

"ఎంత వయసప్పుడు?"

"అరవై లోపేనండీ ఇద్దరూ."

"మీ నాయనమ్మ?"

"పొయ్యి దగ్గర కూర్చుని పప్పు తిప్పుతూ పక్కకి ఒరిగిపోయిందట. ఎండ దెబ్బన్నారు."

పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ఎండ దెబ్బేమిటి? మగవాడు పోతే ఊరంతా గుండెపోటు అంటుంది. ఆడది పోతే ఆయాసం, నీరసం, ఎండ దెబ్బ, లేకపోతే పుణ్యం. ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు, మీరు చూడబోయే ప్రతి ఇంటి సంగతి. మన కాగితాల్లో కుటుంబ చరిత్ర అని ఒక గడి ఉంటుంది. అందులో నాన్న, అన్న అని రాసి ఊరుకోకండి. మేనత్తలు, పిన్నులు, అమ్మమ్మలు ఎలా పోయారో ఒక్కొక్కరి పేరూ చెప్పించి అడగండి. ఆడవాళ్ళకు చాలాసార్లు ఛాతీలో నొప్పి రానే రాదు. ఆయాసం, వీపులో లాగుడు, దవడ నొప్పి, అంతుపట్టని అలసట వస్తాయి. గ్యాసని సర్దుకుంటారు.

"మీకు కూడా దవడ లాగుతోందా?" అని అడిగాను.

ఆవిడ దవడ తడుముకున్నారు. "పన్ను నొప్పనుకున్నానండీ" అన్నారు.

అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరమన్నాను. ససేమిరా అన్నారు. మర్నాడన్నా రమ్మంటే తమ్ముడికి క్లైమాక్స్ షూటింగ్ నడుస్తోందని, కారియర్ పంపాలని, అదయ్యాక చూద్దామని అన్నారు. "మీక్కూడా కంటిన్యుటీయేనా" అంటే నవ్వేశారు గానీ కదల్లేదు. తమ్ముడికి చెప్పొద్దని చేతులు పట్టుకున్నారు. నేను ఆ మాట వినలేదు. మెట్లు దిగుతూనే సూరిబాబు గారికి ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని "సరేనండీ" అన్నారు. చివర నవ్వు లేదు.

షూటింగ్‌కి వెళ్ళని రోజు

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. గేటు ముందు ప్రొడక్షన్ కారు తలుపు తీసి ఉంది. సూరిబాబు గారు కింది మెట్టు మీద లుంగీతో కూర్చుని ఉన్నారు. రహమత్ నగర్ నుంచి వచ్చే డ్రైవరు ఆయన ముందు నిలబడి బతిమాలుతున్నాడు.

"అన్నా, గాడ అందరు వచ్చిన్రు. హీరో సార్ గూడ మేకప్ ఏస్కుంటున్నడంట. జర లెవ్వరాదే."

"నువ్వెళ్ళిపో తమ్ముడూ. మా అక్క హాస్పిటల్‌కి వస్తేనే నేను లేచేది."

సూరిబాబు గారి పద్ధతి తెలిసినవాళ్ళకు ఈ మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఆయన తన జన్మలో యూనిట్‌ని ఆపిన మనిషి కాదు. అన్నయ్య దినకార్యాలు అయిన మర్నాడు పెళ్ళి సీన్లో డాన్సు చేశారు.

పైమెట్టు మీదికి నాగమణి గారు వచ్చారు. చేతులు తడిగా ఉన్నాయి, పక్కన కారియర్ సర్ది ఉంది.

"ఏరా, బుద్ధుందా నీకు? అంతమందిని కూర్చోబెట్టి ఇక్కడ మొండికేస్తావా? హీరోగారు ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీవే."

"ఈ వారం అయ్యాక వస్తానని మేడమ్‌గారికి చెప్పాగా."

సూరిబాబు గారు వెనక్కి తిరిగి చూడలేదు. గేటు వైపు చూస్తూనే మాట్లాడారు.

"అన్నయ్యకి చెమటలు పడుతున్నాయని వదిన ఫోన్ చేసినప్పుడు షాటు అయ్యాక వస్తానన్నానే. షాటు బాగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్ళేసరికి అన్నయ్యని కింద పడుకోబెట్టారు." అప్పుడు అక్క వైపు తిరిగారు. "నిన్ను కూడా షాటు అయ్యాక రమ్మంటావా?"

ఆ తర్వాత మెట్ల మీద ఆవిడ అడుగుల చప్పుడు వినిపించింది. చీర కూడా మార్చుకోలేదు. తమ్ముడి పక్కకి వచ్చి, ఆయన భుజం పట్టుకుని నిలబడ్డారు, ఆసరాకో ప్రేమకో తెలియదు. "లేరా, పద" అన్నారు.

డ్రైవరు కారు వెనక తలుపు తీశాడు. "అమ్మా, గీ కార్లనే కూసోండి. ఆళ్ళకు నేను జెప్పుకుంట" అన్నాడు. నాకు ఆ అబ్బాయి మీద ఇప్పటికీ గౌరవం.

ఈసీజీ చూడగానే పెద్ద డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. యాంజియోగ్రామ్‌లో గుండె ముందువైపు పెద్ద నాళం సన్నటి దారం పట్టేంత సందు మిగిలి, అంతా మూసుకుపోయి ఉంది. ఆరోజే స్టెంటు వేశారు. బయటికొచ్చి, "క్లైమాక్స్ అయ్యేదాక ఆగుంటే గీమె దక్కకపోతుండె" అన్నారు సూరిబాబు గారి ముందే. మెత్తగా చెప్పడం ఆయనకు రాదు. సూరిబాబు గారు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

ఇంకో సంగతి. ఆ రోజు షూటింగ్ ఆగలేదు. ఆయన లేని షాట్లు తీసుకున్నారు. హీరోగారు కోప్పడకపోగా సాయంత్రం ఫోన్ చేసి అక్కయ్యకు ఎలా ఉందని అడిగారు. "ఇన్నేళ్ళూ నేను లేకపోతే ఆగిపోతుందనుకున్నానండీ" అన్నారు సూరిబాబు గారు. అన్నయ్య గుర్తొచ్చినట్టుంది.

ఆయనకు ఇప్పుడు యాభై దాటింది. ఆ పుట్టినరోజుకి నన్ను పిలిచారు, వెళ్ళి రాగి సంకటి తినొచ్చాను. అన్నయ్య పిల్లలకు కూడా పరీక్షలు చేయించారు. అమ్మాయికి, అబ్బాయికి ఇద్దరికీ. అక్కాతమ్ముళ్ళు ఆ ఎత్తు మీద ఇల్లు ఖాళీ చేసి, షేక్‌పేట వైపు లిఫ్టున్న ఇంటికి మారారు. సాయంత్రాలు ఇద్దరూ కలిసి నడుస్తారు. జనం సెల్ఫీలు అడిగితే ఆవిడ "నడుస్తూ తీసుకోండి నాయనా" అంటారట.

వాళ్ళ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఆవిడ డిశ్చార్జ్ అయ్యే రోజు. ఆరోజు నేను గదిలోకి వెళ్ళేసరికి సూరిబాబు గారు అక్కకి అన్నం తినిపించే ప్రయత్నంలో ఉన్నారు. తనే వండి తెచ్చారట. అన్నం చిమిడిపోయింది, పప్పు పలుకు మిగిలింది.

"ఉప్పు లేదేంట్రా?"

"లేదు. నీక్కూడా లేదింక."

ఆవిడ నవ్వి, గిన్నె పక్కకి జరిపి నా వైపు తిరిగారు. ఎప్పటిలా తమ్ముడి గురించి అడుగుతారనుకున్నాను. నా ఉద్యోగంలో ఎంతోమంది ఆడవాళ్ళు నా బల్ల ముందు కూర్చున్నారు. భర్త ఏం తినాలో, తమ్ముడు ఏం తినాలో, కొడుకు ఏం తినాలో అడిగారు. ఆపరేషనై మంచం మీదున్న ఒకావిడ కూడా ఇంట్లోవాళ్ళకి వంటెలాగనే అడిగింది.

"మేడమ్, నేనేం తినాలండీ?" అన్నారు నాగమణి గారు.

కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. "చెబుతాను. ముందు మీకేం ఇష్టమో చెప్పండి" అన్నాను.

"వాడికైతే దోసకాయ పప్పు..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. కిటికీ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించారు. నుదురు చిట్లించారు. సూరిబాబు గారు చేతిలో చెంచాతో అలాగే ఉండిపోయారు.

"నాకేం ఇష్టమో గుర్తురావట్లేదండీ" అన్నారు.

తొందరేం లేదు, గుర్తొచ్చాకే చెప్పండి అని అక్కడే కూర్చున్నాను.